పెరట్లో కోయి చేపల కుంట



ఈరోజు నేను మాట్లాడబోయేది వేరుశనగ గురించి కాదు, కంది గురించీ కాదు. పెరట్లో చిన్న కుంట తవ్వి, అందులో కోయి అనే రంగుచేపలను పెంచుకోవడం ఎలాగో చెప్పాలని వచ్చాను. గార్లదిన్నె మండలంలో ఒక ఊరి రచ్చబండ దగ్గర ఈ మాట ఎత్తేసరికి ఒక పెద్దాయన నన్ను నిలదీశారు. “ఏం సారూ, తాగేదానికే నీళ్ళు చాలని సీమలో సూసేదానికి చేపలా?” అన్నారు.

ఆయన అడిగినదాంట్లో తప్పేమీ లేదు. అనంతపురం ప్రాంతంలో సగటున ఏడాదికి కురిసేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అదైనా వేళకు వస్తుందన్న పూచీ లేదు. తుంగభద్ర ఎగువ కాలువ నీరు చేరే మధ్య పెన్నారు జలాశయం పెనకచెర్ల దగ్గర, మన మండలంలోనే ఉంది. అయినా కాలువ నీరు ఎక్కని మెట్ట పొలాలకు బోరే దిక్కు గదా! కాబట్టి ఆ పెద్దాయనకు జవాబు చెప్పకుండా కుంట కొలతలు చెప్పడం న్యాయం కాదు.

జవాబు మన పూర్వుల దగ్గరే ఉంది. బుక్కరాయసముద్రం చెరువు చూడండి, శింగనమల చెరువు చూడండి. వాళ్ళు కట్ట ఒక్కటే వేసి ఊరుకోలేదు. కావలసినప్పుడు నీరు వదలడానికి తూము పెట్టారు. ఎక్కువైన నీరు పోవడానికి మరువ కట్టారు. ఆ నీరు పారి పంట పండడానికి ఆయకట్టు ఏర్పరచారు. ఈ మూడూ లేనిది చెరువు కాదు, ఉత్త మడుగు. పెరటి కుంటకు కూడా ఇదే సూత్రం. చిన్నదైనా సరే, దానికి తూము, మరువ, ఆయకట్టు ఉండాలి. చేపలు ఈదిన నీరే మొక్కలకు పారాలి. అలా చేయగలిగితే కట్టుకోండి. చేయలేకపోతే వద్దు. నా మాట అంతే.

ముందు నీటి లెక్క చూద్దాం. 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, మూడున్నర అడుగుల నీటిమట్టం ఉన్న కుంటలో సుమారు 5,900 లీటర్ల నీరు పడుతుంది. ఎండాకాలంలో రోజుకు ఒక సెంటీమీటరు చొప్పున ఆవిరైపోతే రోజుకు 55 లీటర్లు, వారానికి సుమారు 390 లీటర్లు గాలిలో కలిసిపోతాయి. ఇదిగాక వారానికొకసారి పదోవంతు, అంటే 590 లీటర్ల పాతనీరు తీసి కొత్తనీరు పోయాలి. ఈ 590 లీటర్లు నష్టం కాదు, మొక్కకు పది లీటర్ల చొప్పున దాదాపు 60 మొక్కలకు తడి. ఆవిరైపోయే 390 లీటర్లే, అంటే 15 లీటర్ల బిందెతో వారానికి 26 బిందెలే, కుంటకు మనం చెల్లించే అసలు ఖర్చు. రోహిణి కార్తెలో కూడా ఆ 26 బిందెలు మీ సొంత నీటిలోనుంచి ఇవ్వగలరా? ఇది ఇంటిల్లిపాదీ కూర్చుని ఆలోచించవలసిన విషయం. ట్యాంకరు కోసం బిందెలు వరుసపెట్టే ఊళ్ళో ఈ పని తలపెట్టవద్దు.

ఇంటికప్పు నీరు పట్టుకోగలిగితే బరువు తగ్గుతుంది. 500 చదరపు అడుగుల మిద్దె మీద ఒక అంగుళం వాన కురిస్తే సుమారు 1,180 లీటర్లు పడతాయి. అయిదారు మంచి వానలతో కుంట నిండుతుంది. మొదటి వాన మాత్రం మిద్దె మీది దుమ్మును, పక్షుల రెట్టను కడిగేస్తుంది గనుక దానిని బయటికి వదిలేయండి.

ఇక కోయి అంటే ఏమిటి? ఇది మీకు తెలియని చేప కాదు. మన చెరువుల్లో పెంచే బంగారు తీగ ఉంది చూడండి, దాని రంగుల రకమే కోయి. జపాన్ దేశంలో నీగాతా అనే కొండప్రాంతపు వరి రైతులు చలికాలపు తిండి కోసం చేపలు పెంచేవారు. ఆ చేపల్లో అక్కడక్కడ ఎరుపు, తెలుపు మచ్చలవి పుట్టడం చూసి, 19వ శతాబ్దం మొదటి భాగం నుంచి వాటిని ఏరి పెంచుతూ వచ్చారు. 1914లో టోక్యోలో జరిగిన ప్రదర్శనలో పెట్టాక గాని వీటి సంగతి బయటి ఊళ్ళకు తెలియలేదు. అంటే, ఇది ధనవంతుల తోటల్లో పుట్టిన వేడుక కాదు. రైతులే, నీళ్ళ పక్కనే, చేసిన పని.

స్థలం ఎంచుకోవడం ఇలాగ. వంటింటి నుంచో వసారా నుంచో కనపడే చోటు మంచిది. కంటి ముందుంటే చేపకు రోగమొచ్చినా, పిల్లలు దగ్గరికి పోయినా వెంటనే తెలుస్తుంది. చెట్టు కింద తవ్వవద్దు. రాలిన ఆకు కుళ్ళి నీరు చెడుతుంది. ముఖ్యంగా కానుగ చెట్టుకు, కాడజెముడు కంచెకు దూరంగా ఉండాలి. కానుగ గింజ, జెముడు పాలు చేపలకు విషం. పశువుల కొట్టం నుంచి, పొలం నుంచి పారే వాననీరు కుంటలోకి రాకూడదు.

కుంటను పూర్తిగా నేలలోనే తవ్వవద్దు. రెండున్నర అడుగులు తవ్వి, చుట్టూ ఒకటిన్నర అడుగుల గోడ లేపండి. మొత్తం లోతు నాలుగడుగులు. అందులో నీరు మూడున్నర, పైన అర అడుగు ఖాళీ. గోడ ఉంటే బయటి మురుగు లోపలికి రాదు. మట్టి మోసే కూలీ కూడా తగ్గుతుంది. గోడ అంచు నాలుగు వైపులా ఒకే మట్టంలో ఉందో లేదో మేస్త్రీలు వాడే నీటిగొట్టంతో చూసుకోండి. రెండంగుళాలు తేడా వచ్చినా నీరు నిండాక ఒక పక్క వంకర కొట్టొచ్చినట్టు కనపడుతుంది. అడుగు మట్టంగా కాక, ఒక మూలకు వాలుగా ఉండాలి. ఆ మూలలో అర అడుగు లోతు గిన్నె ఆకారంలో చిన్న గుంట చేయండి. మట్టి, చేపల మలం అక్కడికి చేరతాయి.

మన ఎర్ర గరపనేలలో నీరు నిలవదు, ఇంకిపోతుంది. దానికి రెండు ఉపాయాలున్నాయి. ఒకటి సిమెంటు, రెండవది ప్లాస్టిక్ పట్టా. సేద్యపు కుంటలకు పరిచే 500 మైక్రాన్ల మందం పట్టానే దీనికీ పనికి వస్తుంది. ఎంత కొనాలన్నది ఇలా లెక్కించండి. పొడవుకు రెండు పక్కల లోతు కలిపి, అంచుల మీద మడవడానికి మూడడుగులు చేర్చండి. మన కుంటకు 10, 8, 3 కలిపి 21 అడుగులు. వెడల్పుకు 6, 8, 3 కలిపి 17 అడుగులు. పరిచేముందు గుంటలోని రాళ్ళు, వేళ్ళు ఏరివేసి, రెండంగుళాలు జల్లించిన మట్టి పోసి, దానిమీద కడిగిన ఎరువు సంచులు పరవండి. ఒక్క మొనదేలిన రాయి చాలు, పట్టాకు చిల్లి పడడానికి.

సిమెంటు తొట్టి కట్టేవారికి నేను చేసిన తప్పు చెబుతాను. నేను చదివింది వ్యవసాయ డిప్లొమా. పంటల సంగతి తెలుసు గాని చేపల పని కొత్త. మా పెరట్లో తొట్టి కట్టి, వారం రోజులు తడిపి, గట్టిపడింది గదా అని నీళ్ళు నింపి డజను కోయి పిల్లలను వదిలాను. తెల్లవారేసరికి అన్నీ వెల్లకిలా తేలాయి. రాత్రే వాటికి పేర్లు పెట్టుకున్న మా పాపకు ఏం చెప్పాలో తెలియలేదు. కారణం ఏమిటంటే, కొత్త సిమెంటులోని సున్నం నీటిలోకి దిగి, నీటిని ఘాటైన క్షారంగా మారుస్తుంది. మొప్పలు మాడిపోతాయి. అందువల్ల కొత్త తొట్టిని నింపి, మూడు నాలుగు రోజులుంచి ఖాళీ చేయాలి. ఇలా కనీసం నాలుగైదు సార్లు చేయాలి. తర్వాత రంగుచేపల అంగళ్ళలో దొరికే పరీక్ష కాగితం ముంచి చూస్తే పి.హెచ్. 7కూ 8.5కూ మధ్య ఉండాలి. అప్పుడు కూడా ముందు ఒకే ఒక్క చేపను వదిలి, వారం చూసి, మిగతావి వదలండి. ఇలా కడిగిన ఘాటునీరు మొక్కలకు పోయవద్దు.

ఇక తూము సంగతి. పెరడు వాలుగా ఉంటే, అడుగు గుంటలోనుంచి రెండంగుళాల పి.వి.సి. గొట్టం బయటికి తీసి, పల్లంలో వాల్వు పెట్టుకోండి. తిప్పితే అడుగున చేరిన మురికితో సహా నీరు పాదుల్లోకి పోతుంది. పెరడు సమంగా ఉంటే చిన్న సబ్‌మెర్సిబుల్ పంపును గుంటలో ఇటుక మీద నిలబెట్టి, దాని గొట్టానికి రెండు టాపులు పెట్టండి. ఒకటి వడపోత డ్రమ్ముకు, రెండవది తోటకు. తోట టాపు తిప్పి టీ తాగడానికి పోవద్దు. తిరిగి వచ్చేసరికి కుంట ఖాళీ, చేపలు బురదలో. దగ్గర నిలబడి వదిలి, దగ్గర నిలబడి కట్టాలి. గోడ అంచుకు అర అడుగు కింద ఒక గొట్టం పెడితే అది మరువ. జడివానలో ఎక్కువైన నీరు దానిగుండా అరటి పాదుకో బొప్పాయి పాదుకో పోవాలి. ఈ రెండు గొట్టాల మూతికీ సన్నని వల కట్టండి.

వల ఎందుకంటారా? పిల్లచేపలు కాలువలోకి, అక్కడినుంచి చెరువులోకి పోకూడదు. ఈ జాతి చేప అడుగు బురదను తవ్వి నీటిని బురదమయం చేస్తుంది. పైగా కోయి హెర్పిస్ అనే రోగం ఒకటుంది. 1998లో ఇజ్రాయెల్‌లో బయటపడి ఎన్నో దేశాలకు పాకింది. అది బంగారు తీగకు కూడా సోకి చంపుతుంది. మన సరదా కోసం ఊరి చెరువు చేపలకు రోగం అంటించరాదు. చేపలు వద్దనుకుంటే మరొకరికి ఇవ్వండి గాని చెరువులో వదలవద్దు.

వడపోత ఇంట్లోనే చేసుకోవచ్చు. 200 లీటర్ల డ్రమ్ములు రెండు కావాలి. వాటిని గోడకంటె ఎత్తు దిమ్మె మీద పెట్టండి. మొదటిదానిలో ఉల్లిగడ్డల వలసంచులు కుక్కితే మురికి ఆగుతుంది. రెండవదానిలో కంకర, పగిలిన పెంకులు నింపండి. వాటిమీద పెరిగే సూక్ష్మజీవులు చేపలు విడిచే అమ్మోనియా విషాన్ని విరిచి, మొక్కలకు పనికివచ్చే నైట్రేటుగా మారుస్తాయి. ఆ నీరు మళ్ళీ కుంటలో పడుతుంది. సూక్ష్మజీవులు నిలదొక్కుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంతవరకు రెండు చేపలే ఉంచండి. కంకరను పంచాయతీ కొళాయి నీటితో కడగవద్దు, క్లోరిన్ వాటిని చంపుతుంది. కుంట నీటితోనే కడగండి. గంటకు 3,000 లీటర్లు తోడే పంపు చాలు. అది 50 వాట్లదైతే రాత్రింబవళ్ళు నడిచినా నెలకు 36 యూనిట్లు. పంపు లైనుకు షాక్ తగలకుండా విద్యుత్తును ఆపే పరికరం తప్పక బిగించాలి. నీటిలో చెయ్యి పెట్టేముందు స్విచ్చి ఆపాలి.

కరెంటు పోతే? నీరు వేడెక్కినకొద్దీ అందులో ప్రాణవాయువు తగ్గుతుంది. 20 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు నిలిచేది, 30 డిగ్రీలకు ఏడున్నరకు పడిపోతుంది. ఎండాకాలపు తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరుస్తుంటే ఊపిరాడడం లేదన్నమాట. ఒక బిందెతో కుంట నీటినే ముంచి, రెండు మూడడుగుల ఎత్తునుంచి పోస్తూ ఉండండి. ప్రాణాలు నిలుస్తాయి.

బోరునీరు నేరుగా పోయవద్దు. అందులో ప్రాణవాయువు తక్కువ. తొట్టిలో ఒకరోజు ఉంచి, ఎత్తునుంచి ధారగా పోయండి. కొళాయి నీరైతే బ్లీచింగు పోయేదాకా ఒకటి రెండు రోజులు ఆరుబయట నిలవ ఉంచాలి. కుంట కారుతున్నదా, ఆవిరవుతున్నదా అని అనుమానం వస్తే ఒక చిన్న పరీక్ష ఉంది. ఒక బక్కెట్టును కుంటనీటితో నింపి, కుంటలోనే రాతిమీద నీటిపైకి అంచు వచ్చేలా నిలబెట్టి, లోపల, బయట నీటిమట్టాలకు గుర్తులు పెట్టండి. పంపు ఆపి ఒక రోజు చూడండి. రెండూ సమంగా తగ్గితే ఎండ. కుంట ఎక్కువ తగ్గితే చిల్లి.

అలంకారానికి పట్నం పోనక్కర లేదు. గోడ అంచు మీద తాడిపత్రి బండలు పరిస్తే పట్టా అంచు వాటి కింద దాగిపోతుంది, కూర్చోవడానికి అరుగూ అవుతుంది. వాడకంలేని పాత రోలు మూలనుంటే, వడపోత నీరు దానిలో పడి అంచు పొర్లి కుంటలోకి దూకేలా అమర్చండి. చూడ ముచ్చటగా ఉంటుంది, నీటికి గాలీ అందుతుంది. కలువ వేయాలనుకుంటే కుండీలో నాటి, మట్టిమీద అరచేతి పాటి గుండ్రాళ్ళు పేర్చండి. లేకుంటే చేపలు వేళ్ళతో సహా పెళ్ళగిస్తాయి. వడపోత గట్టున మెట్టతామర నాటితే పూలకు పూలు, నీటికి శుభ్రం. గుర్రపు డెక్క మాత్రం తేవద్దు.

అన్నిటికంటె మంచి అలంకారం పందిరి. పడమటి వైపునుంచి సగం కుంటను కప్పేలా వేసి, చిక్కుడో సొరో పాకించండి. పాదులకు కుంటనీరే పెట్టండి. నీడ వల్ల ఆవిరి తగ్గుతుంది, నీరు వేడెక్కదు, నాచు అదుపులో ఉంటుంది, కూర వస్తుంది. మీ ఆయకట్టు ఇదే. చేపల నీటిలో సత్తువ కొంత ఉన్న మాట నిజమే గాని, అదే ఎరువనుకోవద్దు. దిబ్బ ఎరువు మామూలుగా వేయవలసిందే. ఆ పందిరికి పురుగుమందు కొట్టరాదు. సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు చేపలకు చుక్కల్లోనే ప్రాణాంతకం. మందు పంపు, మందు కొట్టిన బట్టలు, చేతులు, ఏవీ కుంట దగ్గర కడగవద్దు.

పని కాలం కూడా చెబుతాను. ఉగాది తర్వాత తవ్వి, వానలకు నింపి, ఎండ తగ్గిన స్వాతి కార్తె నాటికి చేపలు తెచ్చుకోండి. ఎన్ని? పెరిగిన కోయి రెండడుగులదాకా వస్తుంది, ఒక్కొక్కదానికి సుమారు వెయ్యి లీటర్ల నీరు కావాలి. అంటే మన కుంటకు అయిదారు చేపలే. తెచ్చినరోజే చిన్నపిల్లలు గదా అని యాభై వదిలితే, ఏడాది తిరిగేసరికి నలభై అయిదు చచ్చి నీరు చెడుతుంది. తెచ్చిన సంచిని పావుగంట నీటిమీద తేలనిచ్చి వదలాలి. అంతకుముందు రెండు వారాలు వేరే తొట్టిలో ఉంచడం మంచిది. ఆ తొట్టిలో లీటరుకు మూడు గ్రాముల ఉప్పు వేయవచ్చు. కుంటలో మాత్రం ఉప్పు వేయవద్దు, ఎందుకంటే ఆ నీరు మీ మొక్కలకు పోతుంది. ఉప్పు తొట్టి నీటిని బాటలో పారబోయండి.

మేతగా తవుడు, వేరుశనగ చెక్క కలిపి ఉండలు చేసి పెట్టవచ్చు. అయిదు నిమిషాల్లో తినగలిగినంతే వేయాలి. చల్లపూట వేయాలి. బూజు పట్టిన చెక్కలో అఫ్లటాక్సిన్ అనే విషం ఉంటుంది. పశువుకు పెట్టకూడనిది చేపకూ పెట్టకూడదు. కొంగ, లకుముకిపిట్ట, పిల్లి, నీరుకట్టె పాము కాచుకుని ఉంటాయి. కాబట్టి కుంట మీద గట్టి వల బిగించాలి. ఆ వల చేపలకోసమే కాదు. నీటిలో పడి చిన్నపిల్లలు పోవడానికి నాలుగడుగుల లోతు అక్కర్లేదు. ఇంట్లో చిన్నపిల్లలున్నంతకాలం వల లేని కుంట కట్టవద్దు, కట్టి ఉంటే ఈరోజే కప్పండి. కుంటలోని దోమపిల్లలను చేపలు తింటాయి గాని, డ్రమ్ములకు, కుండీలకు చేపల కాపలా లేదు. వాటికి మూతలు వేయాలి.

రాబడి వస్తుందా అని అడిగేవారుంటారు. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో పెరటి రంగుచేపల యూనిట్లకు మూడు లక్షల రూపాయల యూనిట్ ఖర్చు మీద మామూలు వారికి 40 శాతం, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు 60 శాతం రాయితీ నిర్ణయించారు. ఇప్పటి వివరాలు మత్స్యశాఖ వారిని అడగండి. కాని నేను చెప్పిన ఆరు చేపల కుంట వ్యాపారం కాదు. కోయి పిల్లల్లో మేలైన రంగు తేలేవి కొద్ది, చెన్నై కొళత్తూరు వంటి పెద్ద బజార్లు మనకు దూరం. ఒక ఏడాది ఆరు చేపలను బతికించి చూపాకే అప్పు సంగతి ఆలోచించండి. కొనేవాణ్ణి ముందు చూసుకోండి, తొట్టి తర్వాత కట్టండి.

చివరగా, రచ్చబండ పెద్దాయన మాటకు వస్తాను. నేను ఈ లెక్కలన్నీ చెప్పాక ఆయన కాసేపు ఆలోచించి, “అయితే చేపలు సూసేదానికి కాదప్పా, నీళ్ళు పారిచ్చేదానికి కాపలాదార్లు” అన్నారు. అంతకంటె బాగా నేను చెప్పలేను. చేపలకోసం వారం వారం నీరు వదలక తప్పదు, వదిలిన నీరు మొక్కకు పోక తప్పదు. తూము, మరువ, ఆయకట్టు, ఈ మూడింటికీ చోటు చూసుకున్నాకే పార పట్టండి. అవి కుదరకపోతే ఒక తొట్టి కలువతో తృప్తిపడండి, దానిలోనూ అందం ఉంది.